గుండె కండర ప్రోటీన్లను వెతికేవారికి హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్ ఎంతవరకు పనికొస్తుంది: ఒక సమీక్ష

స్వీడన్ శాస్త్రవేత్తలు 2003లో మొదలుపెట్టి నేటికీ కొనసాగిస్తున్న హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్‌ను మన విశ్వవిద్యాలయాల్లో చాలామంది కాన్సర్ పరిశోధనకు సంబంధించిన వనరుగానే ఎరుగుదురు. నేను దాన్ని వాడేది వేరే పనికి. గుండె రూపుదిద్దుకునేటప్పుడు, ఆ తరువాత పెరిగేటప్పుడు కండర ప్రోటీన్లు జన్యువుల పనిని ఎలా ప్రభావితం చేస్తాయన్న పాఠం ఎం.ఎస్సీ. విద్యార్థులకు చెప్పేటప్పుడు, ఆ ప్రోటీన్లు కణంలో ఏ చోట ఉంటాయో చూపడానికి తరగతిలో ఈ వెబ్‌సైట్‌నే తెరుస్తాను. ఆ ఒక్క అవసరం దృష్ట్యా ఈ సేవ ఎంత ఇస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే ఈ సమీక్షలో చెప్పదలిచాను.

ముందుగా సేవ స్వరూపం. స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన మథియాస్ ఉలేన్ నాయకత్వంలో, వాలెన్‌బర్గ్ ఫౌండేషన్ నిధులతో ఈ ప్రాజెక్టు నడుస్తోంది. తొలి విడుదల 2005లో వచ్చింది. శరీర కణజాలాల పటాన్ని 2015లోను, కణాంతర్భాగాల పటాన్ని 2017లోను సైన్స్ పత్రికలో ప్రచురించారు. మానవ ప్రోటీన్లకు ఆధారమైన సుమారు 20,000 జన్యువుల్లో ప్రతిదానికీ ఇందులో ఒక పేజీ ఉంటుంది. రుసుము లేదు, ఖాతా తెరవనక్కర్లేదు, పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. చిన్న కళాశాలలో పాఠం చెప్పేవారికి ఈ సౌలభ్యం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు. లక్షలాది కణజాల చిత్రాలను పరిశీలించి, ఏ కణంలో ప్రోటీన్ ఎంత ఉందో గుర్తించే పనిలో పెద్ద భాగం ముంబయిలోని పాథాలజిస్టుల బృందం చేసిందన్న సంగతి మన విద్యార్థులకు తెలియాలని నా కోరిక. స్వీడన్‌లో అద్దిన రంగును చదివి అర్థం చెప్పిన కళ్లు చాలావరకు మన దేశానివే.

ఇక అసలు విషయానికి వద్దాం. కండర ప్రోటీన్లంటే ముడుచుకోవడానికీ సాగడానికీ ఉన్న నిర్మాణ సామగ్రి మాత్రమే అనుకున్నంతకాలం, అవి కణంలో ఎక్కడ ఉన్నాయన్నది పెద్ద ప్రశ్న కాదు. కండర తంతువులో ముడుచుకునే ప్రమాణమైన సార్కోమియర్‌లో ఉంటాయి, అంతే. అయితే 1990ల నుంచి వెలువడిన పరిశోధనల్లో, వీటిలో కొన్ని కేంద్రకంలోకి కూడా వెళ్లి జన్యువులు పనిచేసే తీరును మారుస్తాయని ఒక్కొక్కటిగా తేలుతూ వచ్చింది. ఇందుకు మంచి ఉదాహరణ సీఎస్‌ఆర్‌పీ3 అనే జన్యువు నుంచి వచ్చే మజిల్ లిమ్ ప్రోటీన్. 194 అమైనో ఆమ్లాల ఈ చిన్న ప్రోటీన్‌ను 1994లో కండర కణాల అభివృద్ధికి తోడ్పడే కారకంగా వర్ణించారు. కండర కణం ఇంకా రూపుదిద్దుకుంటున్న దశలో ఇది కేంద్రకంలో ఉంటుంది. కణం పరిపక్వం అయ్యాక సార్కోమియర్ అంచు అయిన జెడ్ డిస్క్ దగ్గరికి చేరుతుంది. 1997లో ఎలుకల్లో ఈ జన్యువును తొలగించి చూసినప్పుడు గుండె గదులు ఉబ్బి, గోడలు బలహీనపడి, డైలేటెడ్ కార్డియోమయోపతీని పోలిన జబ్బు వచ్చింది. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల గుండె కణాలను ప్రయోగశాలలో పెంచి, సాగదీసి వదులుతూ ఉంటే ఈ ప్రోటీన్ మళ్లీ కేంద్రకంలోకి వెళ్తుందనీ, ఆ ప్రవేశాన్ని అడ్డుకుంటే కణం లావెక్కే స్పందన తగ్గుతుందనీ తరువాత తేలింది. అంటే గుండెపై పడే బరువును జెడ్ డిస్క్ వద్ద గ్రహించి, ఆ కబురును జన్యువుల దాకా మోసుకెళ్లే మార్గాల్లో ఇదొకటి. ఇటువంటి ప్రోటీన్ విషయంలో ‘ఎక్కడ ఉంది’ అన్న ప్రశ్నకు ‘ఎప్పుడు, ఏ స్థితిలో’ అన్నది కలిపితేనే జవాబు పూర్తవుతుంది.

అట్లాస్‌లో సీఎస్‌ఆర్‌పీ3 అని వెతికి, కణజాలాల విభాగంలో గుండె కండరాన్ని ఎంచుకుంటే, మిల్లీమీటరు వ్యాసమున్న గుండ్రటి కణజాలపు కోతలు తెర మీదికి వస్తాయి. వెతికే ప్రోటీన్‌ను గుర్తుపట్టి పట్టుకునే యాంటీబాడీ అతుక్కున్న చోటు గోధుమ రంగులో, కేంద్రకాలు నీలంగా కనిపిస్తాయి. ఒక్కో కోత పక్కన దాతది ఏ లింగమో, వయసెంతో రాసి ఉంటుంది. చిత్రాన్ని పెద్దది చేసుకుంటూ పోతే కండర తంతువులు పొడవునా కోయబడిన చోట గోధుమ రంగు పరచుకున్న కణద్రవ్యం, దాని మధ్యలో నీలపు కేంద్రకం, తంతువుల నడుమ రంగు పట్టని రక్తకేశనాళికల గోడలు, సంధాయక కణజాలపు కణాలు విడివిడిగా తెలుస్తాయి. ఆ కణాలకు రంగు పట్టకపోవడమే విద్యార్థికి మొదటి పాఠం. గుండె అనే అవయవంలో కండర కణం కాని కణాలు ఎన్నో ఉన్నాయనీ, ఈ ప్రోటీన్ వాటిది కాదనీ ఒక్క చూపులో తెలిసిపోతుంది. పుస్తకంలోని గీతల బొమ్మతో ఎంతసేపు చెప్పినా ఇంత స్పష్టంగా నాటుకోదు. కాలేయం, మెదడు, మూత్రపిండం చిత్రాలను పక్కపక్కనే తెరిచి చూపే వీలుండటంతో, ఈ ప్రోటీన్ కండరానికే ఎంత పరిమితమో కూడా అక్కడికక్కడే రుజువవుతుంది.

కణజాల శాస్త్రం మరచిపోయినవారికి ఇదే వెబ్‌సైట్‌లో నిఘంటువు అనే విభాగం ఉంది. గుండె కండరపు కోతను పెద్దగా చూపుతూ అందులోని భాగాలను గీతలు గీసి గుర్తించారు. మంచి సూక్ష్మదర్శిని, మంచి స్లైడ్లు లేని కళాశాలకు ఈ ఒక్క విభాగం కోసమైనా అట్లాస్‌ను సిఫార్సు చేస్తాను. దీన్ని గురించి మనవాళ్లు తగినంత చెప్పుకోవడం లేదు.

చిక్కు మొదలయ్యేది ఆ నీలపు కేంద్రకం దగ్గరే. పెద్దవారి నుంచి సేకరించిన గుండె కణజాలంలో మజిల్ లిమ్ ప్రోటీన్ ప్రధానంగా కణద్రవ్యంలో కనిపిస్తే, కేంద్రకంలో దాని పాత్రేమీ లేదని విద్యార్థి తేల్చేసుకునే ప్రమాదం ఉంది. చిత్రం అబద్ధం చెప్పలేదు, కానీ అది చెప్పేది ఒక క్షణం గురించి మాత్రమే. పైగా కేంద్రకంలో కొద్ది మోతాదులో ఉన్న ప్రోటీన్, దాని చుట్టూ దట్టంగా ఉన్న గోధుమ రంగు పక్కన కంటికి ఆనదు. దీనికి వ్యతిరేకమైన పొరపాటూ జరగవచ్చు: కోతలో కేంద్రకానికి పైనో కిందో ఉన్న కణద్రవ్యపు పలుచటి పొర రంగు పట్టి, కేంద్రకమే గోధుమగా ఉన్నట్లు భ్రమ కలిగించవచ్చు. అందుకే ఈ చిత్రాలను చూసి కేంద్రకం గురించి ఏ నిర్ణయానికీ రావద్దని నేను విద్యార్థులకు ముందే చెబుతాను.

కణాంతర్భాగాల విభాగం ఈ లోటు తీరుస్తుందా అంటే, గుండె విషయంలో పూర్తిగా తీర్చదు. ఆ విభాగం విడిగా చూస్తే అద్భుతమైన పని. యాంటీబాడీ ఆకుపచ్చగా, కేంద్రకం నీలంగా, సూక్ష్మనాళికలు ఎర్రగా, అంతర్జీవద్రవ్య జాలం పసుపుగా మెరిసే చిత్రాల్లో ఏ రంగుకు ఆ రంగును విడిగా ఆపి చూసుకోవచ్చు. 2017 నాటి వ్యాసంలో 12,003 ప్రోటీన్ల చోటును గుర్తించగా, వాటిలో దాదాపు సగం ఒకటికంటే ఎక్కువ చోట్ల కనిపించాయి. ఒక ప్రోటీన్‌కు ఒకే నివాసం అన్న పాత అభిప్రాయాన్ని ఈ ఒక్క ఫలితమే కదిలించింది, మన కండర ప్రోటీన్ల కథకు ఇంతకంటే మంచి నేపథ్యం దొరకదు. కానీ ఆ చిత్రాలు తీసింది ప్రయోగశాలలో పెంచే కణ వంశాల మీద. ఎక్కువగా వాడినది ఎముక కాన్సర్ నుంచి వచ్చిన యూ-2 ఓఎస్. కండర కాన్సర్ నుంచి వచ్చిన ఆర్‌హెచ్-30 వంటి వంశం ఉన్నా, అది కొట్టుకునే గుండె కణం కాదు. సార్కోమియరే లేని కణంలో సార్కోమియర్ ప్రోటీన్ ఎక్కడుందని అడిగితే వచ్చే జవాబుకు ఎంత విలువ ఇవ్వాలో వాడేవారే తేల్చుకోవాలి.

యాక్టిన్ విషయంలో ఈ పరిమితి ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. యాక్టిన్ కండర తంతువులకు మూలపదార్థం. విడి అణువులుగానూ, పొడవాటి తంతువులుగానూ రెండు రూపాల్లో ఉంటుంది. విడి యాక్టిన్ అణువులు ఎంఆర్‌టీఎఫ్ అనే సహకారక ప్రోటీన్‌ను పట్టుకుని కేంద్రకం బయట ఉంచుతాయనీ, తంతువులు కట్టే పని ఊపందుకుని విడి అణువులు తగ్గిపోగానే ఎంఆర్‌టీఎఫ్ విడుదలై కేంద్రకంలోకి వెళ్లి, ఎస్‌ఆర్‌ఎఫ్ అనే ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్‌తో, అంటే జన్యువుల పనిని అదుపు చేసే ప్రోటీన్‌తో, కలిసి కండర జన్యువులను మేల్కొలుపుతుందనీ 2003లో లండన్ పరిశోధకులు చూపారు. అలా మేల్కొనే జన్యువుల్లో యాక్టిన్ జన్యువు కూడా ఒకటి. ఇటుకల గుట్ట తరిగిపోగానే, దాని దగ్గర కాపలా ఉన్న మనిషి బట్టీకి పోయి కొత్త ఇటుకలు పురమాయించినట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. ఎలుకల గుండెలో రెండు ఎంఆర్‌టీఎఫ్ జన్యువులనూ తొలగిస్తే సార్కోమియర్ల అమరిక చెదిరి గుండె దెబ్బతింటుందని తరువాతి ప్రయోగాల్లో తేలింది. ఇక్కడ జన్యువులను నడిపించేది యాక్టిన్ మొత్తం ఎంత ఉందన్నది కాదు, విడి అణువులకూ తంతువులకూ మధ్య ఉన్న నిష్పత్తి. అట్లాస్ పేజీలో యాక్టిన్ రంగు నిండుగా కనిపిస్తుంది, జన్యువు ఎంత చురుగ్గా ఉందో తెలిపే ఆర్‌ఎన్‌ఏ కొలత అంకెల్లో ఉంటుంది, కానీ ఈ నిష్పత్తిని చెప్పేదేదీ ఆ పేజీలో ఉండదు. ఇది అట్లాస్ తప్పు కాదు. ఏ ప్రశ్నకు ఏ సాధనం తగినదో తెలుసుకోవడానికి మాత్రం ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

గుండె అభివృద్ధి గురించి అడిగేవారికి మరో లోటు కనిపిస్తుంది. మానవ పిండంలో గుండె నాలుగో వారంలోనే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. పుట్టిన కొద్ది కాలానికే గుండె కండర కణాలు చాలావరకు విభజన మానేసి, ఆపై పరిమాణంలో పెరగడం ద్వారానే గుండెను పెంచుతాయి. ఆ మలుపులో ఏ ప్రోటీన్ ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో చూడాలంటే పిండ దశ కణజాలం, శైశవ దశ కణజాలం పక్కపక్కన కావాలి. అట్లాస్ గుండె చిత్రాలు మాత్రం పెద్దవారివి. ఏకకణ ఆర్‌ఎన్‌ఏ విభాగంలో గుండె కండర కణాలు, ఫైబ్రోబ్లాస్టులు అనే సంధాయక కణజాలపు కణాలు, రక్తనాళాల లోపలి పొర కణాలు వేర్వేరు గుంపులుగా చూపిస్తారు, అది చాలా ఉపయోగకరం. కానీ అది కూడా వయసుతో వచ్చే మార్పును వివరించదు.

కండరం ముడుచుకునేటప్పుడు యాక్టిన్‌ను లాగే ప్రోటీన్ అయిన మైయోసిన్ కథ ఈ సేవకు పూర్తిగా ఆవల ఉండిపోతుంది. గుండెలోని ఆల్ఫా మైయోసిన్ భారీ గొలుసుకు ఆధారమైన ఎంవైహెచ్6 జన్యువు లోపలే, ప్రోటీన్‌గా మారని ఒక భాగంలో, మైక్రో ఆర్‌ఎన్‌ఏ-208ఏ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ దాగి ఉంది. 2007లో ఎలుకల్లో దాన్ని తొలగించినప్పుడు, ఒత్తిడి పెరిగినా గుండె మామూలుగా లావెక్కలేదు, బీటా మైయోసిన్ ఉత్పత్తి కూడా పెరగలేదు. ఒక కండర ప్రోటీన్ జన్యువు తనతోపాటే మరో కండర ప్రోటీన్‌ను అదుపు చేసే సాధనాన్ని మోసుకొస్తోందన్న ఆ ఫలితం ఈ రంగంలో నాకు అత్యంత ఇష్టమైనది. అట్లాస్ ప్రోటీన్లకు ఆధారమైన జన్యువుల పట్టిక కాబట్టి ఎంవైహెచ్6 పేజీలో ఈ ముచ్చట రాదు. ఆ పేజీ చూపించేటప్పుడు దాన్ని అధ్యాపకులే నోటితో చెప్పాలి.

యాంటీబాడీల గురించి ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పాలి. ఈ ప్రాజెక్టు సొంతంగా తయారుచేసిన యాంటీబాడీలు ప్రోటీన్ మొత్తాన్ని కాక, అందులోని ఒక చిన్న ఖండాన్ని గుర్తుపట్టేలా రూపొందినవి. మామూలు ప్రోటీన్‌కు దీనివల్ల ఇబ్బంది లేదు. కానీ జంక్టోఫిలిన్-2 విషయం చూడండి. గుండె కణంలో పొరలను దగ్గరగా పట్టి ఉంచే ఈ నిర్మాణ ప్రోటీన్‌ను, ఒత్తిడి సమయంలో కాల్పెయిన్ అనే ఎంజైము కోస్తుందనీ, అలా తెగిన ముందరి ఖండం కేంద్రకంలోకి వెళ్లి హానికరమైన పెరుగుదలకు దోహదపడే జన్యువులను అణచిపెడుతుందనీ 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. ఇప్పుడు యాంటీబాడీ గుర్తుపట్టేది ప్రోటీన్ వెనుక భాగాన్నైతే, కేంద్రకంలో ఉన్న ముందరి ఖండం దానికి కనిపించనే కనిపించదు. యాంటీబాడీ వివరాల పేజీలో అది గుర్తించే ఖండం ప్రోటీన్ పొడవులో ఎక్కడుందో గీత గీసి చూపించారు. చాలామంది ఆ పేజీ దాకా వెళ్లరు. తెగి కదిలే ప్రోటీన్లను చదివేవారు రంగుల చిత్రం కంటే ముందు ఆ గీతనే చూడాలని నా గట్టి సలహా.

సుమారు 34,000 అమైనో ఆమ్లాలతో మానవ శరీరంలోకెల్లా అతి పెద్ద ప్రోటీన్ అయిన టైటిన్‌కు ఈ జాగ్రత్త మరింత వర్తిస్తుంది. సార్కోమియర్‌లో సగం దూరం పరచుకున్న ఆ ప్రోటీన్ ఒక కొస జెడ్ డిస్క్‌లో, మరో కొస మధ్య గీత వద్ద ఉంటాయి. మధ్య గీత వద్ద ఉన్న దాని కైనేజ్ అనే ఎంజైము తరహా భాగం, యాంత్రిక ఒత్తిడి లేనప్పుడు మర్ఫ్-2 అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి ఎస్‌ఆర్‌ఎఫ్‌ను అదుపు చేసే మార్గంతో ముడిపడి ఉందని 2005లో తెలిసింది. టైటిన్ పేజీలో కనిపించే రంగు ఏ కొసదో తెలియకుండా చూడటం వల్ల ప్రయోజనం తక్కువ.

ఈ సేవలో నాకు మిక్కిలి నచ్చినది నిజాయతీ. ప్రతి ఫలితానికీ నమ్మకపు స్థాయిని నాలుగు తరగతులుగా రాస్తారు. వేరే పద్ధతితోనో, మరో స్వతంత్ర యాంటీబాడీతోనో గట్టిగా రుజువైనవి మొదటి తరగతిలో ఉంటాయి. సందేహాస్పదమైనవాటిని సందేహాస్పదమనే రాసి ఉంచుతారు. యాంటీబాడీల మీద ఆధారపడే ఏ పనిలోనైనా పొరపాట్లు తప్పవు, వాటిని దాచకుండా చూపే అలవాటు చాలా డేటాబేస్‌లలో లేదు. విద్యార్థులు చిత్రం కింద ఉన్న ఆ ఒక్క మాటను చదవకుండా చిత్రాన్ని మాత్రమే సెమినార్లలో పెట్టుకుంటే ఆ నిజాయతీ వృథా అవుతుంది.

మన ప్రాంతానికి నేరుగా సంబంధించిన పేజీ ఒకటుంది. ఎంవైబీపీసీ3 అనే జన్యువు గుండెకే ప్రత్యేకమైన మైయోసిన్ బంధన ప్రోటీన్‌కు ఆధారం. ఈ జన్యువులో 25 క్షారాలు (డీఎన్‌ఏ అక్షరాలు) లేకుండా పోయిన లోపం దక్షిణాసియావాసుల్లో సుమారు 4 శాతం మందిలో ఉందనీ, దానికి కార్డియోమయోపతీతో సంబంధం ఉందనీ హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు పాల్గొన్న బృందం 2009లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వెల్లడించింది. ఆ వార్త చదివినవారు, ఇంట్లో ఎవరికైనా గుండె కండర వ్యాధి ఉందని తెలిసినవారు ఈ పేజీ తెరిస్తే, ఆ ప్రోటీన్ గుండెలో ఎంత నిండుగా ఉందో, మిగతా అవయవాల్లో ఎంత అరుదో చక్కగా తెలుస్తుంది. అయితే మీ జన్యువులో ఆ లోపం ఉందో లేదో, ఉంటే ఏమవుతుందో ఈ వెబ్‌సైట్ చెప్పదు. అది వైద్యులతో, జన్యు సలహాదారులతో మాట్లాడి తెలుసుకోవలసిన విషయం.

అట్లాస్‌తోపాటు యూనిప్రోట్ అనే ప్రోటీన్ల డేటాబేస్‌ను కూడా తెరిచి ఉంచుకోమని చెబుతాను. అందులో ఇన్ని చిత్రాలు లేవు, కానీ ప్రచురిత వ్యాసాలను చదివి నిపుణులు రాసిన వాక్యాలు ఉంటాయి. మజిల్ లిమ్ ప్రోటీన్ చోటు గురించి అక్కడ కేంద్రకమూ, జెడ్ రేఖా రెండూ నమోదై ఉన్నాయి. అట్లాస్ చిత్రం పక్కన ఆ వాక్యాన్ని పెట్టి, రెండింటికీ తేడా ఎందుకొచ్చిందో విద్యార్థులనే చెప్పమంటే తరగతిలో మంచి చర్చ నడుస్తుంది.

వాడకంలో చిన్న చిన్న ఇబ్బందులు లేకపోలేదు. పేజీల్లో సమాచారం కిక్కిరిసి ఉంటుంది, కొత్తవారికి ఏ విభాగం ఎక్కడుందో తెలియడానికి సమయం పడుతుంది. పెద్ద చిత్రాలు తెరవడానికి ఫోన్ తెర చాలదు. కంప్యూటరు, నిలకడైన ఇంటర్నెట్ కావాలి. ప్రోటీన్ పేరుతో కంటే జన్యువు సంక్షిప్త నామంతో వెతకడమే మేలు. డేటా మొత్తాన్ని దిగుమతి చేసుకునే వీలుంది. చిత్రాలు క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద ఉన్నందున, మూలం పేర్కొని, అదే షరతుతో పాఠాల్లో వాడుకోవచ్చు. ప్రాజెక్టు నివేదికలో వాడేవారు మాత్రం వెర్షన్ సంఖ్యను, యాంటీబాడీ సంఖ్యను తప్పక రాయాలి. విడుదల మారినప్పుడల్లా కొన్ని ఫలితాలు, నమ్మకపు స్థాయిలు సవరణకు గురవుతాయి. పాత వెర్షన్లు కూడా తెరుచుకుని చూసేలా అందుబాటులో ఉంచారు కాబట్టి, ఆ రెండు సంఖ్యలూ ఉంటే మరొకరు అదే చిత్రాన్ని మళ్లీ వెతికి పట్టుకోగలుగుతారు.